శుక్రవారం లేని కథలు

గల్ఫ్ బతుకుల మీద తెలుగులో వచ్చిన కథలూ కవితలూ పద్ధెనిమిదేళ్ళుగా నా చేతికి అందినంత మేరకు చదువుతూనే ఉన్నాను. కొన్ని మంచివి, కొన్ని మామూలువి. అన్నీ కలిపి గుర్తు చేసుకుంటే ఒక విచిత్రం కనిపిస్తుంది. వాటిల్లో ఏజెంటు ఉంటాడు, అప్పు ఉంటుంది, కఫీల్ ఉంటాడు, ఎండ ఉంటుంది, ఎయిర్‌పోర్టులో ఏడుపు ఉంటుంది. చివర్లో తరచుగా ఒక శవపేటిక ఉంటుంది. శుక్రవారం మాత్రం ఉండదు.

కువైట్‌లో ఉన్నవాళ్ళకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ఊళ్ళో ఉన్న పాఠకులకి కొంచెం చెప్పాలి. ఇక్కడ ప్రభుత్వానికి వారాంతపు సెలవు 2007 సెప్టెంబరు దాకా గురు, శుక్రవారాలు. ఆ తర్వాత శుక్ర, శనివారాలైంది. అయినా షాపుల్లో, సైట్లలో, డెలివరీ బళ్ళ మీద పనిచేసే మనవాళ్ళలో చాలామందికి దక్కేది ఒక్క శుక్రవారమే. గురువారం రాత్రి పదకొండింటికి మొదలై శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి అయిపోయే ఆ రోజులోనే స్నేహం, వంట, పాట, పూజ, నమాజు, ప్రార్థన, ఇంటికి ఫోను, కాస్త తీరుబడి నిద్ర అన్నీ పట్టాలి. అదే వారానికి నడుం. దాన్ని వదిలేసి మన కథ మిగతా ఆరు రోజుల్లోనే తిరుగుతుంటుంది.

కన్నీళ్ళ కథలు అబద్ధాలని నేనటం లేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం ఈ ఊళ్ళోకి వచ్చినప్పుడు మనవాళ్ళు కట్టుబట్టలతో అమ్మాన్ దాకా వెళ్ళి అక్కణ్ణుంచి ఎయిరిండియా విమానాలెక్కారు. అలా దేశం చేరినవాళ్ళు లక్షా డెబ్భై వేలకి పైమాటే. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులుండే బిల్డింగు అంటుకుని నలభై మందికి పైగా భారతీయులు పోయారు, వాళ్ళలో మన ఆంధ్రావాళ్ళూ ఉన్నారు. పెద్దింటి అశోక్ కుమార్ గల్ఫ్ వలస మీద రాసిన నవలకి 'ఎడారి మంటలు' అని పేరు పెట్టడంలో అతిశయోక్తి ఏమీ లేదు. మంట ఉంది. దాన్ని రాయాల్సిందే.

నా వృత్తి భాషలో చెప్పాలంటే మన గల్ఫ్ సాహిత్యం ఎర్రర్ లాగ్ లాంటిది. పెద్ద బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో రోజుకి లక్ష లావాదేవీలు నడిస్తే, లాగ్ ఫైల్లోకి ఎక్కేవి తప్పిన పాతిక మాత్రమే. ఆ ఫైలు చదివి తప్పు పట్టుకోవచ్చు, సరిదిద్దుకోవచ్చు. దాని పని అదే. కానీ ఆ ఒక్క ఫైలే చదివినవాడికి ఆ బ్యాంకు ఏం పని చేస్తుందో ఎప్పటికీ తెలియదు. గల్ఫ్‌లో ఉన్న మనిషి గురించి ఊళ్ళో పాఠకుడికి తెలిసింది ఆ పాతికే. అందుకే సెలవుకి ఇంటికెళ్ళిన మనిషిని జాలిగానో, డబ్బు మనిషిగానో చూస్తారు తప్ప మూడో చూపు లేదు.

రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక మిత్రుడున్నాడు. కూరగాయల వ్యాన్ నడుపుతాడు. ఫర్వానియాలో ఆరుగురు ఒకే గదిలో ఉంటారు. అతను ఒక కథ రాశాడు. గదిలో ఉన్న ప్రెషర్ కుక్కర్ పాడైతే ఆరుగురూ తలా రెండు దినార్లు వేసుకుని కొత్తది కొనడం, ఏ సైజు కొనాలన్నదాని మీద మూడు వారాలు వాదన, కొన్నాక మొదటి శుక్రవారం పలావు ఎవరు వండాలన్న పోటీ. అంతే కథ. చదువుతూ నేను రెండుసార్లు పైకే నవ్వాను. ఒకచోట గొంతు పట్టుకుంది. విజిల్ వినబడగానే ఆరుగురిలో ఒకడు అలవాటు కొద్దీ "అమ్మా, ఎన్నోదీ?" అని వంటింటి వైపు అరుస్తాడు. ఆ మాట తర్వాత ఇంక ఎవరూ ఏమీ అనరు.

కథని ఒక పత్రికకి పంపితే "బాగుందండీ, కానీ ఇందులో సమస్య ఏది?" అని జవాబొచ్చింది. అతను నాకు ఫోన్ చేశాడు. "ఏందన్నా, మన బతుకులో ఏడుపు ల్యాకపోతే కత కాదంటనా? ఏడ్సేదానికి మిగతా ఆరు దినాలు ఉండాయి గదన్నా" అన్నాడు. ఈ వ్యాసం రాయాలన్న పట్టుదల నాకు ఆ ఫోన్‌తో పుట్టింది.

'సమస్య ఏది' అనే ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో మనకి తెలుసు. తెలుగు సాహిత్యానికి అది ఒకప్పుడు ఊపిరి పోసిన ప్రశ్న. 1970లో విరసం పుట్టింది. ఆ కాలంలో ఏ రచన చేతికొచ్చినా ఇది ఎవరి పక్షం అని అడిగారు. అడగాల్సిన కాలమే అది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1972లో, కాకినాడ కాలేజీలో ఫిలాసఫీ పాఠాలు చెప్పుకునే ఇస్మాయిల్ 'చెట్టు నా ఆదర్శం' అని పుస్తకం వేశారు. చెట్టూ, పిట్టా, వానా, చిన్నపిల్లలూ. తర్వాత 'చిలకలు వాలిన చెట్టు', 'బాల్చీలో చంద్రోదయం', 'కప్పల నిశ్శబ్దం' వచ్చాయి. ఆయన వ్యాసాల పుస్తకం పేరు 'కరుణ ముఖ్యం'. బాల్చీ నీళ్ళలో చంద్రుడు కనిపించడం కవిత్వానికి చాలునా అని చాలామంది విసుక్కున్నారు. నాకైతే చాలు. అయితే ఒక పేచీ ఉంది. ఇస్మాయిల్ ఆనందం చాలావరకు ఒంటరి మనిషి ఆనందం. చూసే కళ్ళు ఉంటాయి, చూడబడే చెట్టు ఉంటుంది, మధ్యలో జీతం, అద్దె, అప్పు ఉండవు. ఆయన ఎంచుకున్న కవిత్వానికి అవి అక్కర్లేదు. ఆరుగురు ఒక గదిలో ఉండే ఆనందాన్ని రాయడానికి మాత్రం ఆయన దారి మనకి సగం దూరమే పనికొస్తుంది.

మిగతా సగం దూరానికి నామిని ఉన్నాడు. 'పచ్చనాకు సాక్షిగా' చదివినవాళ్ళెవరికైనా ఆ ఇంట్లో డబ్బు లేదని తెలుసు. ప్రతి పేజీలో తెలుస్తూనే ఉంటుంది. అయినా ఆ పుస్తకం పేదరికం మీద పుస్తకం కాదు. తిండి దొరికిన రోజు ఎంత రుచో, అమ్మ తిట్టే తిట్టులో ఎంత ప్రేమో, ఆ చిత్తూరు మాటలో ఎంత కులాసాయో ఆ పుస్తకం చెబుతుంది. మహమ్మద్ ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు' కూడా అంతే. నెల్లూరు వైపు ఒక ముస్లిం కుటుంబం, అమ్మా నాన్నా నాయనమ్మా, పండగలూ, వంటలూ, అలకలూ. ముస్లిం అనగానే సమస్యగా మాత్రమే చూడ్డం అలవాటైన పాఠకుడి ముందు ఆ కతలు ఒక ఇంటి తలుపు తీశాయి. ఒక వ్యాసం చేయలేని పని అది.

ఈ ఇద్దరి దగ్గరా నాకు అర్థమైన మర్మం ఒకటే. ఆనందం ఖరీదు ఎంతో వాళ్ళు దాచరు. ఆ కూర వండడానికి అమ్మ ఎవరింటికి వెళ్ళి ఏం అడిగిందో కూడా రాస్తారు. ఖరీదు తెలిశాకే ముద్ద రుచి తెలుస్తుంది. నా మిత్రుడి కుక్కర్ కథలో తలా రెండు దినార్లు అన్నమాట లేకపోతే ఆ కథ నిలవదు. రెండు దినార్లంటే ఊళ్ళో ఐదొందల పైచిలుకు. పంపాల్సిన డబ్బులోంచి పక్కకు తీసిన ఐదొందలు.

శంకరమంచి సత్యం 'అమరావతి కథలు' విషయంలో నాది కొంచెం మిశ్రమమైన అభిప్రాయం. వంద కథలు, ఆంధ్రజ్యోతి వీక్లీలో బాపు బొమ్మలతో వచ్చినవి, 1979లో రాష్ట్ర సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్నవి. రోజువారీ సుఖాల జాబితాగా అంతకన్నా పెద్ద ఖజానా మనకి లేదు. కృష్ణలో స్నానం, గుడిగంటలు, భోజనం, వెన్నెల. 'వరద' లాంటి కథలో కులాల మీద చురకా ఉంది. కానీ వంద కథలూ ఒక్క బిగిన చదివితే ఏటి గాలి కాస్త ఎక్కువైనట్టనిపిస్తుంది. ఆ సుఖాల్ని ఎవరి చాకిరీ మోస్తోందో కొన్ని కథల్లో కనబడదు. ప్రవాసంలో కూర్చుని చదివితే ఇంకో ప్రమాదం కూడా ఉంది. అమరావతి మనకి మందులా పనిచేయడం మొదలుపెడుతుంది. వంశీ 'మా పసలపూడి కథలు' కూడా చాలా ఇళ్ళలో అలాగే వాడుతున్నారు. రాత్రి పడుకోబోయే ముందు ఒక కథ.

అమెరికా తెలుగు కథకి ఇదే జబ్బు ఇంకాస్త ముదిరింది. అక్కడ సంకలనాలు వేసే శ్రమ చాలా గొప్పది. 1990ల మధ్య నుంచి వంగూరి ఫౌండేషన్ వరుసగా వేస్తూ రాకపోతే మనందరం ఇలా ఒక పుస్తకంలో కలిసేవాళ్ళం కాదు. కానీ ఆ కథల్లో ఆనందం చాలావరకు ఫ్రీజర్లో ఉంటుంది. ఊళ్ళో, చిన్నప్పుడు, అమ్మమ్మ దగ్గర జరిగిపోయినది. ఇప్పటి బతుకులో జరిగేదంతా ఘర్షణ. పిల్లలతో, కోడళ్ళతో, ఆఫీసుతో, తమతో తాము. దీనికి మినహాయింపు హాస్యం. వంగూరి చిట్టెన్ రాజు అమెరికామెడీ కథలు, సత్యం మందపాటి అమెరికా బేతాళుడు ఇప్పటి జీవితంలోంచే నవ్వు తీశారు. భానుమతి గారి 'అత్తగారి కథలు' ఆవకాయ జాడీలోంచి నవ్వు తీసినట్టే. మన గల్ఫ్‌కి అలాంటి హాస్యం ఇంకా రాలేదు. ఏడుపుకి ఇచ్చినంత గౌరవం నవ్వుకి ఇవ్వలేదు గనక రాలేదేమో.

ఇంతకీ కష్టాన్ని తక్కువ చేయకుండా ఆనందాన్ని రాయడం సాధ్యమా? సాధ్యమే, మలయాళీలు రాశారు. బెన్యామిన్ 'ఆడుజీవితం' 2008లో వచ్చింది. 2024లో సినిమాగా అందరూ చూశారు. సౌదీ ఎడారిలో మేకల మందతో బందీ అయిన నజీబ్ కథ. గల్ఫ్ మీద వచ్చిన నవలల్లో ఇంతకన్నా ఘోరమైన అనుభవం నేను చదవలేదు. ఆ నవల నన్ను పట్టి ఉంచింది మాత్రం ఆ ఘోరం వల్ల కాదు. నజీబ్ మేకలకి తన ఊరి మనుషుల పేర్లు పెట్టుకుంటాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడితో ఖుబూజ్ తింటాడు. అల్లాతో పక్కన కూర్చున్న పెద్దమనిషితో మాట్లాడినట్టు మాట్లాడతాడు, అలుగుతాడు, ఒప్పుకుంటాడు. ఇవి తీసేస్తే ఆ పుస్తకం పోలీసు రిపోర్టు అవుతుంది. అతను ఇంకా మనిషిగానే ఉన్నాడనడానికి సాక్ష్యాలు అవే. పగ్గం ఎంత బిగుసుకుందో కూడా వాటివల్లే తెలుస్తుంది. ఏమీ మిగలని మనిషి దగ్గర్నుంచి లాక్కోవడానికి ఏముంటుంది?

కేరళ వాళ్ళకి ఈ దారి ముందే తెలుసు. 1970లలో ఎస్.ఎ. జమీల్ 'దుబాయ్ కత్తు' పాటలు కట్టారు. దుబాయిలో ఉన్న భర్తకి భార్య రాసే ఉత్తరం, దానికి జవాబు. విరహమే విషయం, కానీ క్యాసెట్లు పెట్టుకుని జనం సంబరంగా విన్నారు. మనకీ గల్ఫ్ పాటలున్నాయి, కరీంనగర్ వైపు ఎక్కువ. వాటి మీద ఒక్క విమర్శకుడైనా తీరిగ్గా కూర్చుని రాస్తే బాగుండును.

షర్క్‌లో నేను పనిచేసే ఆఫీసు కిటికీలోంచి చూస్తే ఒక పక్క 400 మీటర్లు దాటిన అల్ హమ్రా టవరు, ఇంకో పక్క సూఖ్ షర్క్ చేపల మార్కెట్టు, దాని వెనక చెక్క పడవల రేవు కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ ఊరి పడవలకి కలప మలబారు నుంచి వచ్చేది. ఇక్కణ్ణుంచి ఖర్జూరాలు మన పడమటి తీరానికి వెళ్ళేవి. 1961లో దినారు వచ్చేదాకా ఇక్కడ చెల్లింది రూపాయే. అలన్ విలియర్స్ అనే ఆస్ట్రేలియా నావికుడు 1938-39లో కువైట్ పడవ ఎక్కి తూర్పు ఆఫ్రికా దాకా వెళ్ళొచ్చి 1940లో 'సన్స్ ఆఫ్ సింద్‌బాద్' అని పుస్తకం రాశాడు. నఖూదా, అంటే పడవ కెప్టెన్, అలీ బిన్ నాసిర్ అల్ నజ్దీ.

ప్రవాస కథ రాసేవాళ్ళందరూ ఆ పుస్తకం చదవాలంటాను. ఎందుకంటే అందులో నావికులు అచ్చం మన వీసా అప్పుల మనుషులే. ప్రయాణానికి ముందే నఖూదా దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. తిరిగొచ్చాక లెక్క చూస్తే మిగిలేది అంతంత మాత్రం. ముత్యాల కోసం మునిగేవాళ్ళ అప్పు ఇంకా ఘోరం. విలియర్స్ ఇదంతా దాచకుండా రాశాడు. రాస్తూనే ఇంకో సంగతి కూడా పట్టుకున్నాడు. తెరచాప ఎత్తినా, లంగరు లాగినా, సరుకు మోసినా వాళ్ళు పాడుతూనే చేశారు. ముత్యాల పడవల్లోనైతే పాడడానికే ఒక మనిషి ఉండేవాడు. నహ్హామ్ అంటారు. అప్పుల్లో ఉన్న పడవ కూడా పాటగాడికి వాటా ఇచ్చింది! పాట లేకపోతే తాడు కదలదని నఖూదాకి తెలుసు. అంటే ఆ పాట యజమానికి కూడా లాభమే. పాడేవాడికి అది సుఖం కూడా. ఈ రెండూ ఒకేసారి నిజం. మన కథకుడు ఈ రెండిట్లో ఒకటే తేల్చుకోవాలనుకుని ఇబ్బంది పడుతుంటాడు.

పాట యజమానికి లాభం అన్నాను గనక అవతలి గొయ్యి గురించి కూడా చెప్పాలి. 'చిన్న చిన్న ఆనందాలు' అనే మాటకి ఈ మధ్య మార్కెట్టు పెరిగింది. మా ఆఫీసులో కూడా రోజూ ఉదయం కృతజ్ఞత చెప్పుకోవాల్సిన మూడు సంగతులు రాసుకోమని ట్రైనింగులు పెడుతున్నారు. తెలుగులో వ్యక్తిత్వ వికాసం పుస్తకాలకి దారి వేసినవాటిలో యండమూరి 'విజయానికి అయిదు మెట్లు' ఒకటి. దానివల్ల బాగుపడినవాళ్ళూ ఉండొచ్చు, కాదనను. కానీ ఆ రకం రాతలో ఆనందం ఒక పనిముట్టు. సంతోషంగా ఉంటే ఎక్కువ పనిచేస్తావు, ఎక్కువ సంపాదిస్తావు. కుక్కర్ విజిల్ విని అమ్మని పిలిచినవాడికి ఏ మెట్టూ ఎక్కే ఉద్దేశం లేదు. కథకుడు ఆ తేడా పట్టుకోకపోతే అతని శుక్రవారం కాస్తా కంపెనీ క్యాలెండర్ అవుతుంది. జీతం ఆలస్యమైన నెలలో కూడా 'హ్యాపీ వీకెండ్' అని మెసేజ్ పంపే క్యాలెండర్.

భక్తి సంగతి ఇంకా చిక్కు. మన ఆధునిక కథలో దేవుడు వస్తే మోసమో, మూఢనమ్మకమో, లేదంటే చివర్లో అద్భుతమో అయివుండాలి. రోజువారీ అలవాటుగా దేవుణ్ణి రాయడం మర్చిపోయాం. కువైట్‌లో మనకి గుడి లేదు. పూజ ఫ్లాటులో నాలుగు గోడల మధ్యే. సిటీలో ఉన్న చర్చి ప్రాంగణంలో శుక్రవారం ఒక్కో హాల్లో ఒక్కో భాష, తెలుగు ప్రార్థన అందులో ఒకటి. మన క్రైస్తవులకి ఇక్కడ ఆదివారం శుక్రవారం వస్తుంది. కడప, రాయచోటి ముస్లింలకి ఖుత్బా అరబ్బీలో, ఆ తర్వాత బిర్యానీ కబుర్లు తెలుగు కలిసిన ఉర్దూలో. ఇంత సరుకుంటే ఒక్క మంచి కథ రాలేదంటే లోపం సరుకులో లేదు.

అలా రాయడం తెలుగువాడికి కొత్తేం కాదు. కువైట్‌లో ఉన్న మనవాళ్ళలో ఎంతోమంది రాజంపేట చుట్టుపక్కలవాళ్ళు. ఆ రాజంపేట పక్కనే తాళ్ళపాక. అన్నమయ్య (1408-1503) ముప్పైరెండు వేల సంకీర్తనలు పాడాడంటారు, దొరికినవి సగం కూడా లేవు. అందులో జోలపాటలున్నాయి, ఉయ్యాల పాటలున్నాయి, దంపుడు పాటల సువ్విలున్నాయి, గొబ్బి పాటలున్నాయి. వడ్లు దంచే ఆడవాళ్ళు పనిలో అలుపు తీర్చుకోడానికి పాడుకునే వరసని తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టాడాయన. బిడ్డని పడుకోబెట్టడం, పని చేయడం, ఆడుకోవడం, దేవుణ్ణి తలచుకోవడం వేర్వేరు పనులుగా ఆ పదాల్లో కనపడవు. నహ్హామ్ పాట కూడా అల్లా పేరుతోనే మొదలై తాడు లాగడం దగ్గరికి వస్తుంది. రేవు పక్కన ఉద్యోగం చేస్తూ అన్నమయ్యని వినే నాబోటివాడికి ఈ రెండూ పక్కపక్క ఊళ్ళ పాటల్లా వినబడతాయి.

నా ఫిర్యాదులో ఒక ముఖ్యమైన సవరణ ఉంది. శుక్రవారం, శుక్రవారం అంటున్నాను గానీ అది అందరికీ లేదు. ఇళ్ళల్లో పనిచేయడానికి ఖాదిమ్ వీసా మీద వచ్చిన కోనసీమ, కడప ఆడవాళ్ళు ఎందరో. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం వాళ్ళకి వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలంది, రోజుకి పన్నెండు గంటలకి మించి పని చేయించకూడదంది. చట్టం ఉన్నంత మాత్రాన తలుపు తెరుచుకోదు. ఒక ఇంట్లో పనిమనిషి కడుపున పుట్టి రెండు దేశాల మధ్య నలిగిన కొడుకు కథని సౌద్ అల్ సనూసీ అనే కువైటీ రచయిత 'వెదురు కాడ'గా రాసి 2013లో అరబిక్ నవలల అంతర్జాతీయ బహుమతి తెచ్చుకున్నాడు. తల్లి ఫిలిప్పీన్స్ మనిషి. ఇంటి యజమాని జాతివాడు ఆ వంటింట్లోకి తొంగిచూశాడు. మనం మన అక్కచెల్లెళ్ళ వంటింట్లోకి బాధల కోసం తప్ప చూడలేదు.

అక్కడ ఏముంటుంది? నాకు తెలిసినంత మేరకు ఒక ఫోను ఉంటుంది. రాత్రి పన్నెండు దాటాక, గిన్నెలు కడగడం అయ్యాక, మేడ మీద గదిలో కూర్చుని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు. మా ఇంటికి ఎప్పుడైనా వచ్చే ఒకావిడ నా భార్యకి కొన్ని వినిపించింది. కూతురు పదో తరగతి మార్కులు చదివి వినిపిస్తే ఆవిడ ఒక్కో సబ్జెక్టుకీ ఒక్కో రకంగా మురిసిపోవడం. లెక్కల్లో తొంభై అనగానే "అమ్మో, నా బంగారుకొండ, ఎవరి పోలికే నీకు!" అని. చెల్లెలికి పులస కూర ఎలా వండాలో చెబుతూ మధ్యలో ఆగిపోయి, ఇక్కడ పులస లేదు గనక జుబైదీ చేపతో తాను చేసిన ప్రయోగం చెప్పి నవ్వడం. ఇంట్లోవాళ్ళు పడుకున్నారు గనక ఆ నవ్వు కూడా గుసగుసగానే. పిల్లవాడికి పాడిన జోల ఒకటి, నిమిషంన్నర. పాడుతూ పాడుతూ ఆవిడే ఆవులించింది. అవతల పిల్లవాడికి ఎనిమిదేళ్ళు వచ్చాయట, జోల అక్కర్లేదని వాడే మెసేజ్ పెట్టాడట. అయినా వారానికోసారి పంపుతోంది. వాడూ డిలీట్ చేయడం లేదు.